ఖాళీ బండి బరువు

పదకొండేళ్ళుగా పోర్టు గేటు పక్క
కాటా గదిలో కూర్చుంటున్నాను.
నిండు బండి ఎంత, ఖాళీ బండి ఎంత,
తీసేస్తే మిగిలింది సరుకు.
బొగ్గైనా, ఎరువైనా, మాంగనీసు రాయైనా
లెక్క ఇంతే.

"మేడమ్ కూడా ఎక్కితే ఓవర్‌లోడు కేసే"
అన్నాడొక డ్రైవరు, చీటీ అందుకుంటూ.
నేనూ నవ్వాను.
నవ్వడం నాకు బాగా వచ్చు.
ఆ రాత్రి బళ్ళు లేనప్పుడు
చెప్పులు విప్పి, ఇనుప పలకల మీదికి నేనే ఎక్కాను.
బోర్డు మీద ఎర్రంకెలు కాసేపు ఊగి
నూట నలభై దగ్గర ఆగాయి.
చీటీ మాత్రం కొట్టలేదు.

ఆపరేషను మాట ఎవరికీ చెప్పలేదు.
పిత్తాశయంలో రాళ్ళన్నాను.
బాగున్న కడుపు కోయించుకుందట అని
జ్ఞానాపురం వీధి కుళాయి దగ్గర అనుకోవడం కంటే
రాళ్ళు నయం.

మూడు రోజులన్నారు.
నలభై ఆరు రోజులైంది.
కుట్టు కారిందట.
స్కానులో డాక్టరు పెన్ను కొనతో చూపించాడు:
ఇడ్లీ గుడ్డ చిరుగులోంచి జారిన పిండిలా
పై అంచున తెల్లగా ఒక చుక్క.
ఆ చుక్క కోసం మళ్ళీ కోశారు.

పక్కటెముకల కింద ఒక గొట్టం,
దాని కింద ఇంకొకటి.
ఒకటి నాలోంచి తీసుకుపోయేది,
ఒకటి నాలోకి తెచ్చేది.
మా చెల్లి నూకరత్నం, పదో తరగతి తప్పిన పిల్ల,
వచ్చిందెంత పోయిందెంత
క్యాలెండరు వెనక రాస్తుంది, నాకంటే ఒబ్బిడిగా.
"నిన్న అరవై అక్కా, ఇయ్యాల నలభై మిల్లీలే.
తగ్గతంది, సూడు."

అరిలోవ ఆస్పత్రి కిటికీకి సముద్రం ఆనదు.
కొండ అడ్డం.
మందు మూతతో నీళ్ళు, గుటకకీ గుటకకీ మధ్య
గోడ గడియారం.
పక్క మంచం వాళ్ళ క్యారేజీలో వంజరం పులుసు.
ఆకలి ఎప్పుడో పోయింది,
నాలిక మాత్రం ఏదీ మర్చిపోలేదు.
మూత తీసిన వాళ్ళని తిట్టుకున్నాను,
మూత పెట్టిన వాళ్ళని ఇంకా తిట్టుకున్నాను.
తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు.
అదొక్కటే అడక్కుండా తగ్గింది.

అర్ధరాత్రి లెక్క వేస్తాను.
మెట్లెక్కలేని మోకాళ్ళు,
నిద్రలో గొంతు పట్టేసి లేచి కూర్చున్న రాత్రులు,
చక్కెర కాగితాలు, ఆ డ్రైవరు నవ్వు
అన్నీ ఒక వైపు.
ఈ మంచం ఒక వైపు.
ఎన్నిసార్లు కూడినా తప్పే వస్తుంది.
కొన్ని రాత్రులు చెయ్యి గొట్టం మీదికి పోయేది
లాగేద్దామని.
అలాంటి రాత్రి ఒకటి, నర్సు ఎస్తేరు వచ్చింది,
పాడేరు అవతలి నుంచి కొత్తగా చేరిన పిల్ల.
ధైర్యంగా ఉండమని అనలేదు.
"తలగడ తిప్పనా? ఆ వైపు చల్లగా ఉంటది" అంది.

తిప్పింది.
నిజమే, చల్లగా ఉంది.
తెల్లారేదాకా అది చాలింది.

నిన్న సెలవు కాగితం ఇవ్వడానికి గేటుకెళ్ళాను.
చున్నీ కింద గొట్టం సంచీ.
"చిక్కిపోయారు మేడమ్, రాళ్ళు బాగా పీడించాయా?"
అన్నాడు సెక్యూరిటీ పైడయ్య.
"రాళ్ళు కాదు" అన్నాను.
అంతకంటే చెప్పడానికి ఊపిరి లేకపోయింది.
అతనూ అడగలేదు, కుర్చీ జరిపాడు.

కాటా ఖాళీగా ఉంది. ఎక్కాను.
ఇరవై కిలోల లోపు తేడా దానికి తెలీదు.
సంచీలో నలభై మిల్లీలు, ఈ ఉదయం మింగి కక్కని
మూడు చెంచాలు
ఏవీ దాని లెక్కలోకి రావు.
నూరు.
నిలబడితే కాళ్ళు వణికాయి.
నూకరత్నం పరిగెత్తుకొచ్చి పలక మీదికెక్కి
నా నడుం పట్టుకుంది.
ఎర్రంకెలు మళ్ళీ ఊగాయి.
నూట నలభై.

ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.
వెనక ఎరువుల లారీ హారన్ కొట్టింది.
"దిగక్కా," అంది నా చెల్లి,
"నాలుగైపోనాది. చోడంబలి రెండు సెంచాలు."